వేసవిలో చిన్నపిల్లలతో లేపాక్షి: ఎండ ముదరకముందే చూడవలసిన గుడి

లేపాక్షి వీరభద్రాలయానికి మేము పిల్లలతో రెండుసార్లు వెళ్ళాము. రెండుసార్లూ ఏప్రిల్ నెలే, బయలుదేరింది రెండుసార్లూ బెంగళూరు నుంచే. మొదటిసారి పాపకు ఐదేళ్ళు, బాబు ఇంకా చంకలోనే ఉన్నాడు. రెండోసారికి వాళ్ళకు ఏడేళ్ళూ మూడున్నరేళ్ళూ వచ్చాయి. మొదటి ప్రయాణంలో గుడిలో సగం కూడా చూడలేక వెనక్కి వచ్చాము, రెండో ప్రయాణంలో పిల్లలు కదలమంటే కదలలేదు. గుడిలో ఏ మార్పూ లేదు, మేము అడుగుపెట్టిన వేళ ఒక్కటే మారింది. ఈ సెలవుల్లో చిన్నపిల్లలను తీసుకుని అక్కడికి వెళ్ళాలనుకునే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందనే ఈ వివరాలు రాస్తున్నాను.

అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దంలో, పెనుకొండ సీమలో అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కూర్మశైలం అనే చిన్న గుట్ట మీద ఈ ఆలయాన్ని కట్టించారు. తాబేలు వీపులా ఉండే ఆ గుట్టంతా నల్లరాయి, ప్రాకారం లోపల పరిచిందీ రాయే. నిత్యం పూజలు జరిగే గుడి కనుక చెప్పులు బయట విడిచే లోపలికి వెళ్ళాలి. ఈ రెండు సంగతులనూ కలిపి ముందే ఆలోచించుకోకపోవడమే మా మొదటి ప్రయాణంలో జరిగిన పొరపాటు. తొమ్మిదింటికి తీరిగ్గా బయలుదేరి, దారిలో టిఫిను కోసం ఆగిన ఒక హోటల్లో దాదాపు గంటసేపు కూర్చోవలసి రావడంతో, సరిగ్గా మిట్టమధ్యాహ్నం వేళకు గుడి ముందు దిగాము. ప్రాకార ద్వారం దాటి పది అడుగులు వేసిందో లేదో పాప నిలువునా ఆగిపోయి ఏడుపు అందుకుంది. ఒక కాలు ఎత్తితే రెండో కాలు కాలుతోంది, ఎటు దూకాలో తెలియడం లేదు. అక్కడున్న ఒక పెద్దావిడ "అమ్మా, పాపను ఎత్తుకోండి, బండ కాలిపోతాంది" అని కేకేసిన తరువాత గానీ నాకు విషయం అర్థం కాలేదు. పాపను మండపంలోకి చేర్చి చూస్తే రెండు పాదాలూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మా దగ్గరున్న సీసాలోని నీళ్ళు అప్పటికే గోరువెచ్చగా మారినా, అవే పోసి చల్లార్చాము. ఆ రోజు వేలాడే స్తంభం ఒక్కటీ చూసి, నాగలింగం ఉన్న ఆవరణ వైపు అడుగు వేయలేక తిరిగి వచ్చాము.

పెద్దల పాదాలకు ఓర్చుకోదగిన వేడి పసివాళ్ళ లేత చర్మానికి ఓర్చుకోరానిది అవుతుంది. పైగా చిన్నపిల్లల శరీరం పెద్దవాళ్ళ శరీరం కంటే త్వరగా వేడెక్కుతుంది, వాళ్ళకు చెమట పట్టడం కూడా తక్కువే, ఆటలో పడితే దాహం సంగతి వాళ్ళకై వాళ్ళు చెప్పరు. నల్లరాయి పొద్దున్నుంచి తాగిన ఎండను చాలా నెమ్మదిగా వదులుతుంది కనుక, సాయంత్రం ఐదింటికి గాలి చల్లబడినా బండ మాత్రం వెచ్చగానే ఉంటుంది. అందుచేత వేసవిలో లేపాక్షికి సాయంత్రం వెళ్తే సరిపోతుందనే సలహాను చిన్నపిల్లల విషయంలో నేను ఒప్పుకోలేను. రాత్రంతా చల్లబడిన రాయి దొరికేది తెల్లవారిన తరువాతి రెండు మూడు గంటలలోనే.

రెండోసారి తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరాము. జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మలుపు తిరిగితే లేపాక్షి సుమారు 16 కిలోమీటర్లు. హిందూపురం నుంచి వచ్చేవారికి కూడా దాదాపు అంతే దూరం పడుతుంది. ఈసారి టిఫిను ఇంట్లోనే కట్టుకున్నాము. మా అమ్మ కూడా మాతో ఉండటం వల్ల చెరొకరి చెయ్యి పట్టుకోవడానికి మనిషి కుదిరింది. చిన్నపిల్లలు ఇద్దరుంటే ముగ్గురు పెద్దలు ఉండటం నిజంగా మేలు.

ఏడింటికి ముందుగా నంది దగ్గరికి వెళ్ళాము. గుడికి కొద్ది దూరంలో ఆరుబయట ఉన్న ఈ ఏకశిలా నంది సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు ఉంటుంది. ఎండెక్కిన తరువాత అక్కడ నిలబడటం పిల్లలకు కష్టం కనుక దీన్ని చివరికి వాయిదా వేయకూడదు. మూడున్నరేళ్ళ పిల్లవాడికి అంత పెద్ద ఎద్దు కళ్ళెదుట కూర్చుని ఉండటమే పెద్ద వింత. పాప దాని మెడలోని గంటలను వేలితో చూపిస్తూ లెక్క పెట్టింది, తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. ఎండ ఇంకా పలచగా ఉండటంతో మేమూ తొందరపెట్టలేదు.

అక్కడి నుంచి గుడిలోకి వెళ్ళి, మండపాలను తరువాతకు ఉంచి, ఆరుబయట ఉన్నవాటినే ముందు చూశాము. ఏడు పడగల నాగలింగం ఒకే బండలో చెక్కినది. భోజనానికి వచ్చిన శిల్పులు తల్లి వంట పూర్తి చేసేలోపే దాన్ని చెక్కేశారని అక్కడ కథ చెబుతారు. వంట ఆలస్యమైతే పిల్లలు ఏం చేస్తారో ప్రతి ఇంట్లోనూ తెలిసిందే కనుక ఆ కథ వాళ్ళకు వెంటనే ఎక్కింది. దాని తరువాత పైకప్పు లేకుండా, అసంపూర్తిగా మిగిలిపోయిన కల్యాణమండపం, ఆ పక్కన లతామండపం చూశాము. లతామండపం స్తంభాల మీద ఉన్న నగిషీలే లేపాక్షి అంచులుగా చీరలకు ఎక్కాయి. మా అమ్మ తన చీర కొంగును ఒక స్తంభానికి ఆనించి పోల్చి చూపించినప్పుడు, మాటల్లో ఎంత చెప్పినా రాని ఆసక్తి పాప ముఖంలో కనిపించింది.

ఆ ఆవరణలో పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా పట్టి ఉంచినవి నేల మీద ఉన్నవే. బండలో పెద్ద పాదం ఆకారంలో ఉన్న పల్లాన్ని సీతమ్మ పాదం అంటారు. బాబు తన పాదాన్ని అందులో పెట్టి, వేళ్ళను ముందుకు ముందుకు జరిపి, ఎంత జరిపినా చివర అందకపోవడంతో రెండో పాదం కూడా దాని ముందు పెట్టి కొలిచాడు. అక్కడికి దగ్గర్లోనే బండలో తొలిచిన గుండ్రని కంచాలున్నాయి. శిల్పులు వాటిలో అన్నం తిన్నారని కొందరు, రంగులు కలుపుకున్నారని కొందరు చెబుతారు. పిల్లలిద్దరూ తలొక కంచం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని "అవ్వా, అన్నం పెట్టు" అని అడిగారు. మొదటి ప్రయాణంలో అదే బండ మీద పాప ఒక్క క్షణం కూడా నిలబడలేకపోయింది కదా అని నాకు గుర్తుకు వచ్చింది.

ఎనిమిదిన్నర దాటాక బండ వేడెక్కడం పాదాలకు తెలిసింది. పిల్లలకు మందపాటి నూలు సాక్సులు తొడిగి నాట్యమండపంలోకి చేరాము. నైలాను సాక్సులు రాతి మీద జారుతాయి కనుక నూలువే తీసుకువెళ్ళాలి. సుమారు 70 స్తంభాలున్న ఈ మండపం నీడలో రాయి చల్లగా ఉంటుంది. అందుకే చూడవలసిన వాటిలో ఎక్కువ సమయం పట్టేదాన్ని చివరికి ఉంచుకోవడం మంచిది. స్తంభాల మీద రంభ నాట్యమాడుతుంటే తుంబురుడు వీణ మీటుతూ, బ్రహ్మ మద్దెల వాయిస్తూ కనిపిస్తారు. వీళ్ళందరికంటే మూడు కాళ్ళ భృంగి దగ్గరే మా పిల్లలు ఎక్కువసేపు నిలబడ్డారు. వేలాడే స్తంభం కింద నుంచి పాప తన చున్నీని దూర్చి అవతలి వైపు నుంచి లాగింది. జాగ్రత్తగా చూస్తే ఆ స్తంభం ఒక అంచున నేలను తాకుతూనే ఉంటుంది, మిగతా అడుగుభాగానికీ నేలకూ మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ తాకే చోటును పాప తానే కనిపెట్టి చూపించింది.

పైకప్పు మీది వర్ణచిత్రాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది పెద్దలు మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూసి, పిల్లలకు ఇవి పట్టవని ముందుకు సాగిపోతారు. మేము ఎవరి దారికీ అడ్డం లేని ఒక మూలన తువ్వాలు పరిచి పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టాము. కిరాతార్జునీయంలో పరుగెత్తే అడవిపందిని బాబు గుర్తుపట్టాడు, పొడవాటి కుళ్ళాయిలు పెట్టుకున్న మనుషులను పాప చూసింది. వాళ్ళలోనే గుడి కట్టించిన అన్నదమ్ములూ ఉన్నారని చెబితే, గుడి కట్టించినవాళ్ళ బొమ్మలు ఆ గుడిలోనే ఉండటం ఆమెకు చాలా నచ్చింది. రాకుమారుడి రథం కింద దూడ చనిపోతే న్యాయం కోసం గంట మోగించిన ఆవు కథ కూడా ఆ కప్పు మీదే ఉంది. చిత్రాలు కొన్నిచోట్ల రాలిపోయి, కొన్నిచోట్ల మసకబారి ఉన్నాయి కనుక వాటి కథలు ముందు రోజు రాత్రే చెప్పి ఉంచితే, ఉన్న గీతలతోనే పిల్లలు బొమ్మను పూర్తి చేసుకుంటారు. విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడనీ, ఆ ఎర్రని మరకలు వాటివేననీ చెప్పే కథను మాత్రం చిన్నవాడికి నేను చెప్పలేదు. ఆ వయసుకు అది బరువైన కథ.

తిండి, నీళ్ళ విషయంలో మేము పాటించినది ఇది. తలొక లీటరు లెక్కన నీళ్ళు, ఒక ఫ్లాస్కులో ఉప్పు వేసిన పలచని మజ్జిగ, సంచిలో రెండు ఓఆర్ఎస్ పొట్లాలు తీసుకువెళ్ళాము. పిల్లలు అడిగేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగించాము. బుగ్గలు బాగా ఎర్రబడినా, హుషారుగా ఉన్న పిల్లవాడు ఊరికే చిరాకు పడినా, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా, ఇంకేమీ చూడకుండా నీడకు చేర్చి నీళ్ళు పట్టాలి. ఒళ్ళు కాలిపోతూ మగతగా ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికే తీసుకువెళ్ళాలి. నిద్రపోతున్నారు కదా అని పిల్లలను ఆపి ఉంచిన కారులో ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

నడక నేర్చి, కథ వినే వయసు వచ్చిన పిల్లలకు, అంటే మూడేళ్ళు దాటినవాళ్ళకు, ఉదయం ఏడింటికల్లా చేరగలిగితే వేసవిలో కూడా లేపాక్షిని నిస్సందేహంగా సూచిస్తాను. పదింటి తరువాత గానీ చేరలేనివాళ్ళు ముందు రోజు సాయంత్రమే వచ్చి హిందూపురంలో రాత్రి బస చేయడం మేలు. ఏడాది నిండని బిడ్డ ఉన్నవాళ్ళు కార్తీకం దాకా ఆగడం మంచిదని నా అభిప్రాయం.

పదింపావుకు బయటికి వచ్చేసరికి బండ మీద మా కాళ్ళు కూడా నిలవడం లేదు. అదే రోజు పెనుకొండ కోట కూడా చూడాలని అనుకున్నాము గానీ, పిల్లల ముఖాలు చూసి దాన్ని చలికాలానికి వాయిదా వేశాము. దారిలో చెట్టు కింద ఆగి నన్నారి షర్బత్ తాగి ఎక్కిన పిల్లలు దేవనహళ్ళి వచ్చేదాకా లేవలేదు.