‘కొత్త ఎస్‌ఎస్‌డీ, ఫ్రెష్ విండోస్’ అనగానే డబ్బులిచ్చేయకండి: విజయవాడ, గుంటూరు వాళ్లకి జాగ్రత్త

ల్యాప్‌టాప్ నెమ్మదించిందని పాత హార్డ్‌డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ (దానికంటే వేగంగా పనిచేసే స్టోరేజ్ డ్రైవ్) వేయించుకోబోతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. గవర్నరుపేటకి వెళ్లినా, గుంటూరు బ్రాడీపేటకి వెళ్లినా కౌంటర్ దగ్గర వినపడే మాట ఒకటే: “కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి ఫ్రెష్ విండోస్ ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేస్తాం సార్.” నిజంగా అలాగే చేసే షాపులున్నాయి. కానీ ఈ మధ్య విజయవాడలో ఒక షాపు ఇలా చేసిచ్చిన ల్యాప్‌టాప్‌ని పరీక్షిస్తే ఎస్‌ఎస్‌డీ కొత్తది కాదు, విండోస్ ఫ్రెష్ కాదు, యాక్టివేషన్ (విండోస్ లైసెన్స్ నమోదు) అసలుది కాదు. తీసుకున్నది మాత్రం మూడింటి డబ్బులూను.

ముందు డ్రైవ్ సంగతి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (CrystalDiskInfo) అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెరవగానే పవర్ ఆన్ అవర్స్ (నడిచిన గంటలు), పవర్ ఆన్ కౌంట్ (ఎన్నిసార్లు ఆన్ అయింది), టోటల్ హోస్ట్ రైట్స్ (మొత్తం రాసిన డేటా) కనిపిస్తాయి. పెట్టె విప్పి విండోస్ ఎక్కించిన డ్రైవ్‌లో గంటలు ఒకటో రెండో ఉండాలి, రాసిన డేటా కొన్ని పదుల జీబీలు దాటకూడదు. పైన చెప్పిన ల్యాప్‌టాప్‌లో ఆరువేల గంటలు చూపించింది. రోజుకి పది గంటల చొప్పున ఏడాదిన్నరకి పైగా ఎవరో వాడేసిన సరుకన్నమాట. హెల్త్ 90 శాతం పైన ఉందిగా అని సర్దిచెప్తారు, వినకండి. మీరు కట్టింది కొత్తదాని ధర. వారంటీ లెక్క కూడా మొదట కొన్నవాడి దగ్గరే మొదలైపోయి ఉంటుంది. అందుకే స్టిక్కర్ మీది సీరియల్ నంబర్, పెట్టె మీది నంబర్, సాఫ్ట్‌వేర్ చూపించే నంబర్ మూడూ ఒకటేనా అని చూసి, దాన్నే కంపెనీ సైట్లో కొట్టి వారంటీ తేదీ చూడండి.

ఎన్‌వీఎంఈ (వేగం ఎక్కువుండే రకం ఎస్‌ఎస్‌డీ) ధర తీసుకుని ఎం.2 సాటా (నెమ్మది రకం) డ్రైవ్ పెట్టడం మరో మోసం. రెండూ చూపులకి ఒకేలాంటి చిన్న పట్టీలు. సాటా వేగం సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, మామూలు మూడో తరం ఎన్‌వీఎంఈ 3,500 దాకా వెళ్తుంది. సాటా పట్టీ అంచున సాధారణంగా రెండు గాట్లుంటాయి, ఎన్‌వీఎంఈకి ఎక్కువగా ఒకటే. అనుమానముంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఇంటర్‌ఫేస్ అన్న వరుస చూస్తే తేలిపోతుంది. 512 జీబీ డ్రైవ్ విండోస్‌లో 476 అనే కనిపిస్తుంది. అది లెక్కలో తేడా, దానికి గొడవపడక్కర్లేదు.

ఇక అసలు గండం విండోస్ దగ్గర. చాలాచోట్ల ఫ్రెష్‌గా ఎక్కించరు. ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్న ఒకే ఇమేజ్‌ని (అన్నీ ఎక్కించి ఉన్న విండోస్ నకలుని) వచ్చిన ప్రతి మెషీన్‌లోకీ దింపేస్తారు. పావుగంటలో పని అయిపోతుంది కదా, అందుకు. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘సిస్టమ్‌ఇన్ఫో’ (systeminfo) అని కొట్టి ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్ చూడండి. మీరు డ్రైవ్ కొన్న రోజుకంటే ముందు తేదీ ఉందంటే అది ఎవరిదో నకలు. తర్వాత ‘ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్’, ఒక ఖాళీ, స్లాష్, ‘ఎక్స్‌పీఆర్’ (slmgr /xpr) కొట్టండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని రావాలి. ఫలానా తేదీకి గడువు తీరుతుందని వస్తే, అది 180 రోజుల కేఎంఎస్ (ఆఫీసుల కోసం ఉన్న యాక్టివేషన్) పద్ధతి. ఆఫీసుల్లో అది సక్రమమే. ఇంటి ల్యాప్‌టాప్‌లో ఉంటే క్రాక్ (దొంగ యాక్టివేషన్) అనే అర్థం. హోమ్ ఎడిషన్‌తో కొన్న మెషీన్ షాపు నుంచి ప్రో అయి తిరిగొచ్చినా అనుమానించాల్సిందే, ఎందుకంటే కేఎంఎస్ ప్రో, ఎంటర్‌ప్రైజ్ లాంటి ఎడిషన్లకే పనిచేస్తుంది.

క్రాక్ అయితే ఏమైంది, నడుస్తోందిగా అనేవాళ్లు విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ (తనిఖీ చేయకుండా వదిలేసే వాటి జాబితా) ఒక్కసారి తెరిచి చూడండి. క్రాక్‌ని డిఫెండర్ (విండోస్‌లోని యాంటీవైరస్) పట్టేస్తుంది కాబట్టి ఆ ఫోల్డర్‌ని, కొందరైతే సీ డ్రైవ్ మొత్తాన్ని, తనిఖీ నుంచి తప్పించేస్తారు. ఆ మెషీన్‌లోనే మీరు బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు.

అసలు చాలామందికి ఆ క్రాక్ అవసరమే లేదు. విండోస్ 8 కాలం నుంచి విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాప్‌లకి కీ (లైసెన్స్ నంబర్) మదర్‌బోర్డులోనే ఉంటుంది. డ్రైవ్ మారినా అదే ఎడిషన్ ఎక్కిస్తే నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. “విండోస్ కీకి వేరే ఛార్జ్” అని అడిగితే, మొదట ఏ ఎడిషన్‌తో వచ్చిందో చెప్పి అదే వేయమనండి.

నిజంగా ఫ్రెష్‌గా ఎక్కించే చోట కూడా ఒక ప్రమాదం ఉంది, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషీన్లలో డ్రైవ్‌కి ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డేటా చదవలేని తాళం) దానంతటదే పడిపోతుంది. 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి వెళ్తుంది. షాపు కుర్రాడు సెటప్ తన అకౌంట్‌తో పూర్తిచేస్తే మీ డ్రైవ్ తాళం అతని దగ్గరుంటుంది! కొన్నాళ్లకి బయాస్ (మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయి స్క్రీన్ ఆ అంకెలు అడిగిందంటే, కీ దొరక్కపోతే ఫొటోలూ లెక్కలూ అన్నీ పోయినట్టే. ఎవరు తీసుకెళ్లినా తెరవలేరు. భాష, దేశం అడిగే తెర దగ్గరే ఆపించి, ఆ తర్వాతది మీ చేత్తో పూర్తిచేయండి.

వీలైతే డ్రైవ్ మాత్రం కొని ఇంట్లోనే ఎక్కించుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ఇంకో కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి దాంతో తయారుచేయండి. పాత డిస్క్‌ని ముందే విప్పి పక్కన పెట్టండి. ఉంచేస్తే బూట్ ఫైళ్లు (విండోస్‌ని లేపే ఫైళ్లు) దాని మీద పడొచ్చు, తర్వాత అది తీసిన రోజున కొత్త డ్రైవ్ లేవదు. పెన్‌డ్రైవ్ ఎంచుకునే బూట్ మెనూకి ఆన్ చేయగానే నొక్కాల్సిన మీట డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. లెగసీ (పాత బూట్ పద్ధతి) జోలికి పోకుండా యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి)లోనే ఉంచండి. డ్రైవ్ ఎంచుకునే తెరలో అన్‌అలొకేటెడ్ స్పేస్ (ఇంకా వాడని ఖాళీ జాగా) మీద నొక్కి నెక్స్ట్ కొడితే చాలు, పార్టిషన్లు అదే చేసుకుంటుంది.

ఇంటెల్ 11వ తరం, ఆపై ల్యాప్‌టాప్‌లలో ఆ తెర ఒక్కోసారి ఖాళీగా కనిపించి భయపెడుతుంది. డ్రైవ్ పాడైందని షాపుకి పరిగెత్తకండి. వీఎండీ అనే కంట్రోలర్ డ్రైవర్ లేకపోవడమే సాధారణ కారణం. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్లో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పిన ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని లోడ్ డ్రైవర్ నొక్కితే డిస్క్ కనిపిస్తుంది.

షాపులోనే చేయించక తప్పకపోతే పాత డిస్క్ అక్కడ వదిలి రావద్దు. ఫార్మాట్ చేశామన్నా అందులోని ఫైళ్లు తిరిగి తీయొచ్చు. జీఎస్టీ బిల్లు మీద డ్రైవ్ మోడల్, సీరియల్ నంబర్ రాయించుకున్నాకే డబ్బులివ్వండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరకి ఫొటో తీసి, బిల్లుతో కలిపి ముందు షాపుకి రాతపూర్వకంగా పంపండి. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోళ్ల ఫిర్యాదుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు.