బరంపురంలో పాత పిస్టల్ చూపించాలంటే ఈ రిపేరు షాపుకే వెళ్ళండి

పెద్ద బజారు వైపు లోపలి సందులో లైసెన్సు తుపాకుల రిపేరు షాపు ఒకటి ఉంది. బోర్డు వెలిసిపోయింది, ఫోన్ చేస్తే ఎత్తరు, కూర్చోడానికి ఒక్కటే స్టూలు. అయినా ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా.

మా మావయ్యగారి ఇంటి అటక మీద దొరికిన పిస్టల్‌ని అంతకుముందు ఓ యాంటిక్ వ్యాపారి చూసి, టిప్పు సుల్తాన్ కాలం నాటిది, లక్షలు పలుకుతుందని ఊరించాడు. ఇక్కడి పెద్దాయన ముందు కాగితం అడిగారు. పోలీస్ స్టేషన్‌లో రాయించుకున్నది చూపించాకే ముట్టుకున్నారు. ముట్టుకున్నాక కూడా గుర్తుల జోలికి పోలేదు, సన్న పుల్ల ఒకటి గొట్టంలోకి తోసి, ఎంత లోపలికి వెళ్ళిందో గీత పెట్టి, అదే పుల్లని గొట్టం పైన ఆనించి చూశారు. పుల్ల అడుగుదాకా వెళ్ళకపోతే లోపల మందు, గుండు ఇంకా ఉన్నట్టేనట. మాది ఖాళీ. అప్పటిదాకా మావయ్యకి ఒకటే టెన్షన్.

"టిప్పు పోయింది 1799లో బాబూ, దీనికి సుత్తి దెబ్బకి మందు అంటించే చిన్న రాగి టోపీ తొడిగే ముక్కుంది, ఆ టోపీలు వచ్చిందే 1820ల్లో" అన్నారు. చెకుముకి రాయి నిప్పుతో పేలే పాత రకం పిస్టల్‌ని తర్వాత టోపీకి మార్చి ఉండొచ్చు కదా అంటే, పేల్చే మీట, సుత్తి బిగించే పక్క రేకు, అంటే లాక్ ప్లేటు విప్పి లోపలివైపు భూతద్దం పెట్టి చూపించారు. అలా మార్చినవాటికి నిప్పురవ్వ పడే పాత మందుపళ్ళెం బిగించిన మరల బెజ్జాలు పూడ్చిన మచ్చలు కనిపిస్తాయి. దీనికి ఒక్కటీ లేదు.

ప్లేటు మీద కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం ఉంది, అది ఈస్టిండియా కంపెనీ ముద్ర. విక్టోరియా రాణి ప్రభుత్వం తుపాకుల మీదైతే కిరీటం, దాని కింద వి.ఆర్. అక్షరాలు ఉంటాయి. సింహం గీతలు ఉలితో చెక్కినట్టు పదునుగా ఉన్నాయి, పోతపోసిన నకిలీల్లో ఇవే గీతలు మొద్దుబారి ఉంటాయట. గొట్టం లోపల నున్నగా ఉంది, గుండుని తిప్పే మరచుట్లు లేవు, కొలిస్తే 16.5 మిల్లీమీటర్ల దగ్గరికొచ్చింది. గొట్టంలోకి మందు దట్టించే గజం కడ్డీని గొట్టానికే కీలుతో బిగించారు, గుర్రం మీద మందు కూరేటప్పుడు జారిపోకుండా. అన్నీ కలిపి, 1858లో కంపెనీ పాలన పోకముందు చేసిన ఆశ్వికుల టోపీ పిస్టల్ అని తేల్చారు. బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి కంపెనీ సరుకు ఇక్కడ దొరకడం వింతేం కాదు, టిప్పు కథే వింత.

మా పిన్ని పిడికున్న ఇత్తడి తొడుగుని చింతపండుతో తళతళా తోమేసింది. దానికి మాత్రం తిట్లు పడ్డాయి! పాత మెరుగుతోపాటు సన్నటి ముద్రలూ పోతాయట.

పాతది కదా, లైసెన్సు ఎందుకు అనుకునేవాళ్ళు వినండి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు, రిపేరు చేసినా పేలని పాత ఆయుధాలకే. పేలే స్థితిలో ఉంటే లైసెన్సు కోసం ఛత్రపురంలోని జిల్లా కలెక్టరేట్‌కి వెళ్ళాల్సిందే. ఈ మాట ఆయనే చెప్పారు, పేలేలా చేసిపెట్టమన్న ఇంకో గిరాకీని నా ఎదురుగానే పంపించేశారు.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, ఏదీ రాసివ్వరు, ధర అడిగితే మాట దాటేస్తారు, మధ్యలో ఒరియాలో ఎవరైనా పలకరిస్తే మన పిస్టల్ బల్ల మీద అలాగే ఉండిపోతుంది. చూసినందుకు రెండు వందలు తీసుకున్నారు. సాయంత్రం వెళ్ళండి, తీరిగ్గా చూస్తారు.