అడాస్ బాగుంది, వడ్లు లేని రోడ్డు మీద

మా కొత్త కారు గురించి రాస్తున్నా. మైలేజీ, డిక్కీ సైజు లాంటివి యూట్యూబ్ నిండా ఉన్నాయి కాబట్టి వదిలేస్తున్నా. నా గొడవంతా అడాస్‌లో, అంటే డ్రైవర్‌కి సాయం చేసే కెమెరా, రాడార్ ఏర్పాటులో ఉన్న లేన్ అసిస్ట్‌తోనే. బండిని గీతల మధ్యే ఉంచడం దాని పని.

మిర్యాలగూడ దాటి అద్దంకి రోడ్డు మీద పోతున్నాం, వరికోతల సీజన్. ఎడమ లేన్‌లో సగం దాకా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి, పక్కనే గొడుగు వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. నేను కాస్త కుడికి తిప్పాను. ఇండికేటర్ వేయకుండా గీత దాటితే దీనికి నచ్చదు, వెంటనే స్టీరింగ్‌ని ఎడమకి, అంటే సరిగ్గా వడ్ల మీదికి లాగింది. నేనటు, అదిటు. అద్దం వెనక కెమెరాకి తెల్ల గీతలు తెలుసు, ముందున్న రాడార్‌కి ఎదురుగా పోయే బండి తెలుసు, నేల మీద పరిచిన పంట వాటికేం తెలుస్తుంది! పెద్దాయన గొడుగు వదిలేసి లేచాడు. రెండు రాళ్లు టైరు కింద పడ్డాయి, వడ్లు దక్కాయి, తిట్లు మాకు దక్కాయి. పక్క సీట్లో మా నాన్న తాపీగా, "ఎడ్లు కూడా ఇంతేరా, వడ్లు కనబడితే అటే లాగేవి" అన్నాడు.

స్టీరింగ్ యంత్రానికి వదిలేయడం కొత్తేం కాదు. 1914లో పారిస్ దగ్గర సీన్ నది మీద లారెన్స్ స్పెర్రీ అనే అమెరికన్, విమానాన్ని తనంతట తానే నిలకడగా నడిపే ఆటోపైలట్ పెట్టి, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు, మెకానిక్ రెక్క మీద నడిచినా అది ఒరగలేదు. 1933లో వైలీ పోస్ట్ అనే పైలట్ ఆటోపైలట్ పెట్టుకుని ఒంటరిగా ప్రపంచం చుట్టొచ్చాడు గానీ, అది మొరాయిస్తే దారిలో దిగి బాగు చేయించుకోవాల్సి వచ్చింది. పైగా కునుకు పడితే చేతిలోంచి జారి వేలు గుంజాలని, ఒక స్పానర్‌ని తాడుతో వేలికి కట్టి పట్టుకున్నాడట. నాది స్పెర్రీ పార్టీ కాదు, స్పానర్ పార్టీ.

ముందు బండిని బట్టి వేగం తానే సర్దుకునే క్రూయిజ్ కంట్రోల్ సంగతి వేరు, నిజంగా హాయి. కొన్న కొత్తలో విజయవాడ దాకా కాలు కదపక్కర్లేదని అందరికీ చెప్పాను. ఇప్పుడడిగితే సూర్యాపేట దాకా అంటాను, అదీ సంక్రాంతి రద్దీ లేనప్పుడు. ముందు బండికి మనం వదిలిన ఖాళీలో ఎవడో ఒకడు దూరతాడు, ఇది బ్రేకేస్తుంది, వెనక లారీవాడు హారన్‌తో వాయిస్తాడు.

నాలాగా ఊరికీ సిటీకీ ఎక్కువ తిరిగేవాళ్లు, మోకాలు నొప్పి ఉన్నవాళ్లు అడాస్ ఉన్న టాప్ వేరియంట్ తీసుకోవచ్చు. సిటీ దాటనివాళ్లకి ఆ డబ్బులు దండగనిపిస్తుంది. మా బావగారికీ అదే చెప్పాను, ఆయన అంతా విని టాప్ వేరియంటే బుక్ చేశాడు.