విజయనగరం, శ్రీకాకుళంలో పాట కోసం, నాటకం కోసం తిరగాలంటే

పాట కోసమో నాటకం కోసమో ఉత్తరాంధ్ర వైపు వెళ్ళాలనుకుంటున్నారా? అయితే హోటలు, రైలు తర్వాత చూసుకోవచ్చు, ముందు పంచాంగం తీసి తేదీ చూసుకోండి. హైదరాబాదులో రవీంద్రభారతికి వెళ్తే చాలా సాయంత్రాలు ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది కాబట్టి మనకి అలా వెళ్ళిపోవడం అలవాటు. విజయనగరం, శ్రీకాకుళంలో రోజూ టికెట్టు కొనుక్కుని కూర్చునే కచేరీ మాకెక్కడా దొరకలేదు. ఇక్కడ పాటకి ఒక సందర్భం కావాలి. జయంతో, వర్ధంతో, ఆరాధనో, అమ్మవారి సంబరమో, ఊరి తీర్థమో ఉండాలి. ఆ రోజు తెలుసుకుని వెళ్తే రెండు జిల్లాలూ చెవులకి పండగ. తెలుసుకోకుండా వెళ్తే తాళం వేసిన హాలు ముందు నిలబడి ఫొటో తీసుకుని రావాలి.

నేను, మా మావయ్య కలిసి వెళ్ళాం. ఆయనకి పద్యాల పిచ్చి, నాకు వీణ, వయొలిన్ ఇష్టం. కాబట్టి కింద రాసేవాటిలో ఇద్దరి తూకమూ ఉంది.

సంగీతమే ముఖ్యం అనుకునేవాళ్ళు విజయనగరంలో దిగండి, అందులో నాకు రెండో ఆలోచన లేదు. అక్కడి మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలని పూసపాటి విజయరామ గజపతి 1919లో పెట్టించారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పి, 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల ఇంటింటికీ వెళ్ళి మధూకరం తెచ్చుకుని తింటూ చదువుకున్నది ఇక్కడే, పి. సుశీల నేర్చుకున్నదీ ఇక్కడే. ఇవన్నీ తెలిసినవాళ్ళు కూడా దాన్నొక స్మారక భవనం అనుకుని బయటి నుంచే చూసి వెళ్ళిపోతుంటారు. అది ఇప్పటికీ పాఠాలు జరిగే కళాశాల. ఆఫీసులో అడిగి, క్లాసులకి అడ్డం రాకుండా వరండాలో కాసేపు నిలబడితే ఒక గదిలోంచి గాత్రం, పక్క గదిలోంచి మృదంగం, ఇంకో వైపు నుంచి నాదస్వరం వినిపిస్తాయి. మేం వెళ్ళినప్పుడు ఓ పిల్ల వర్ణంలో (సాధనకి పాడే పాట) ఒకే చోట మళ్ళీ మళ్ళీ ఆగిపోతోంది, గురువుగారు కోప్పడకుండా ఆ ముక్క వరకే ఎత్తిస్తున్నారు. మావయ్య అక్కడ్నించి కదల్లేదు. టికెట్టు లేదు, కుర్చీ లేదు, మైకు అసలే లేదు. ఊళ్ళో పాట వినడానికి నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు అదే. సెలవుల్లో వెళ్తే మాత్రం ఏమీ వినపడదు, కాలేజీ నడిచే రోజులు చూసుకోండి. లోపల వీడియోలు తీయాలనిపిస్తే అడగకుండా తీయొద్దు, నేర్చుకునే పిల్లలకి టెన్షన్ అవుతుంది.

పెద్ద సభలు ఆనందగజపతి కళాక్షేత్రంలో జరుగుతాయి. ఏ సభకి వెళ్ళినా (శ్రీకాకుళంలోనూ ఇదే మాట) ముందు వరస సోఫాలు అతిథులవి, అక్కడ కూర్చుంటే మధ్యలో లేవాల్సి వస్తుంది. నాలుగో వరస నుంచి ఏడో వరస లోపల, స్పీకరు డబ్బాకి ఎదురుగా కాకుండా కాస్త మధ్యకి కూర్చోండి. ఆరింటికి అని వేస్తే జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు అయ్యేసరికి ఏడు దాటుతుంది. చాలామంది అది తెలుసుకుని ఏడున్నరకి వస్తారు. నేను మాత్రం ముందే వెళ్ళమంటాను. ఆ సన్మానాల్లోనే ఎప్పుడో నలభై ఏళ్ళ క్రితం స్త్రీ పాత్రలు వేసిన ముసలాయన కండువా కప్పించుకుని, మైకు పట్టుకుని రెండు పద్యాలు పాడేస్తాడు. గొంతు వణుకుతూనే రాగం మాత్రం పట్టు తప్పదు. అది ఏ కరపత్రంలోనూ ఉండదు.

నాటకం కోసం విజయనగరం వెళ్ళేవాళ్ళు గురజాడ తేదీలు రెండూ రాసిపెట్టుకోండి, సెప్టెంబర్ 21 జయంతి, నవంబర్ 30 వర్ధంతి. కన్యాశుల్కాన్ని 1892లో ఈ ఊళ్ళోనే జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు ఆడారు, పుస్తకంగా వచ్చింది ఆ తర్వాత 1897లో. అంటే చదువరుల కన్నా ముందు ప్రేక్షకులే ఆ నాటకాన్ని చూశారన్నమాట. గురజాడ ఉన్న ఇల్లు కూడా ఊళ్ళోనే ఉంది, తప్పక చూడండి. ఈ నాటకంలో ఒక రంగాన్ని ఇక్కడ చూడటానికీ వేరే ఊళ్ళో చూడటానికీ చాలా తేడా ఉంది. మన వైపు నటులు ఇక్కడి ఉత్తరాంధ్ర యాసని కష్టపడి తెచ్చుకుంటారు, ప్రేక్షకులు అర్థం చేసుకోవడానికి ఒక్క క్షణం తీసుకుంటారు. ఇక్కడ మాట నటుడి నోట్లోంచి సగం బయటికి రాగానే హాలు నవ్వేస్తుంది, ఆ వేగం అందుకుని నటుడు కూడా ఇంకో గేరు వేస్తాడు. మా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ డైలాగులు ముందే అనేస్తూంటే మొదట్లో ఇబ్బందిగా అనిపించింది గానీ, కాసేపటికి ఆవిడ అనకపోతే వెలితిగా ఉండేది.

ఇక సిరిమానోత్సవం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను (పూజారిని పైన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను), దానికి ముందు రోజుల్లో విజయనగరం ఉత్సవాల పేరుతో ఊళ్ళో చాలా వేదికల మీద సంగీతం, నాటకం, జానపద కళలు పెడతారు. రెండూ ఒకే ట్రిప్పులో చూద్దాం అని అందరూ అనుకుంటారు, చూడొచ్చు కూడా, కానీ పాట వినడమే మీ పని అయితే ఉత్సవాల మొదటి సాయంత్రాలకి రండి. సోమవారం తొలేళ్ళ (సిరిమానుకి ముందు రోజు పండగ) నుంచి మూడు లాంతర్ల దగ్గర అడుగు వేయడానికి ఉండదు, ఆటోలు దూరంగానే ఆపేస్తారు, గదుల రేట్లు పెరిగిపోతాయి. మంగళవారం సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అది భక్తితో, గుండె నిండా చూడాల్సిన విషయం. ఆ రోజు కచేరీ వెతుక్కోకండి. దాని ముందు నడిచే పులివేషాల డప్పే ఆ రోజుకి సంగీతం.

బస విషయం ఇక్కడే చెప్పేస్తాను. విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్సు వైపు గానీ, కోటకి నడిచి వెళ్ళేంత దూరంలో గానీ తీసుకోండి. ఏసీ ఉందా, గీజర్ ఉందా అని అడిగేవాళ్ళు రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారని అడగరు. నాటకాలకి వెళ్ళేవాళ్ళకి అదే ముఖ్యం. మేం దిగిన ఒక లాడ్జిలో పదకొండింటికి షట్టర్ దించేశారు, ఎంత కొట్టినా లోపల కుర్రాడు లేవడానికి అరగంట పట్టింది. వయసు మీద పడిన మనిషిని వీధిలో నిలబెట్టడం నాకు చాలా కష్టంగా అనిపించింది. పొద్దున్నే గది మార్చేశాం. తర్వాత దిగిన చోటు చిన్నదే, లిఫ్టు కూడా లేదు, కానీ "ఏటైమ్‌కి వచ్చినా ఫోన్ కొట్టండి బాబూ, నేను తీస్తాను" అన్నారు, తీశారు కూడా. నాకు ఆ చిన్న గదే నచ్చింది.

శ్రీకాకుళం స్టేషన్ శ్రీకాకుళంలో లేదని గుర్తుంచుకోండి, శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, అక్కడ్నించి ఊళ్ళోకి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. పగలు ఆటోలు, బస్సులు పుష్కలంగా దొరుకుతాయి. రాత్రి పదింటికి నాటిక అయ్యాక రైలు పట్టుకోవాలంటే మాత్రం ఆటో అతన్ని ముందే మాట్లాడి పెట్టుకోవాలి. విజయనగరం నుంచి రోడ్డు మీద రెండు గంటలు వేసుకుంటే సరిపోతుంది, అయినా రాత్రికి తిరిగి వచ్చేద్దాం అని పెట్టుకోకుండా ఏడు రోడ్ల కూడలి దగ్గర్లో గది తీసుకోవడం మేలు.

ఇక్కడ బాపూజీ కళామందిర్, అంబేద్కర్ ఆడిటోరియం రెండూ తెలుసుకోవాల్సిన చోట్లు. సంగీతం కన్నా మాటల నాటకానికి ఈ ఊరు ఎక్కువ చెవి ఇస్తుందని నాకనిపించింది. నాటికల పోటీలు తగిలితే వదలకండి. ఒక నాటిక గంట లోపే అయిపోతుంది, ఒకే సాయంత్రం రెండు మూడు చూడొచ్చు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సెట్టు మార్చే విరామంలో జనం బయట టీ తాగుతూ చూసినదాన్ని చీల్చి చెండాడుతుంటారు, ఆ మాటలు వినడం కోసమైనా వెళ్ళాలి. రైతు, వలస, కిడ్నీ జబ్బు ఇలాంటివి వేదిక మీద వచ్చినప్పుడు ఇక్కడ హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది, ఎందుకంటే అది వాళ్ళ ఇళ్ళ సంగతే. పగలు ఖాళీ ఉంటే కాళీపట్నం రామారావుగారు 1997లో పెట్టిన కథానిలయానికి వెళ్ళండి, నాటకం కాకపోయినా తెలుగు కథ మీద ప్రేమ ఉన్నవాళ్ళు చూడకుండా రాకూడని చోటు.

కానీ ఈ రెండు జిల్లాల్లో అసలైన వేదిక ఊరి పందిరి. పద్యనాటకం ఇంకా రాత్రంతా బతికి ఉంది ఇక్కడ. తీర్థాలకీ అమ్మవారి పండగలకీ కంపెనీ ఆర్టిస్టుల్ని పిలిపించి హరిశ్చంద్రుడి కాటిసీనో, కృష్ణరాయబారమో పెట్టిస్తారు. పోస్టర్లు పాన్‌షాపు గోడల మీద, బస్టాండు స్తంభాల మీద కనిపిస్తాయి, చీపురుపల్లి, రాజాం, పాలకొండ వైపు బస్సులో వెళ్తూ చూస్తూ ఉండండి, లేదా పొద్దున్నే పేపర్లో జిల్లా పేజీ తిరగేయండి. ఫోటోల కింద పాత్ర పేరు, ఆర్టిస్టు ఊరు ఉంటాయి. టీ కొట్లో అడిగితే ఆ హార్మోనిస్టు ఎలాంటివాడో, ఆ కృష్ణుడికి పై స్థాయి అందుతుందో లేదో కూడా చెప్పేస్తారు. ఆ సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు.

మేం వెళ్ళిన ఊళ్ళో నాటకం పదిన్నరకి మొదలైంది. "ఏటి బాబూ, ఎక్కడ్నించి వొచ్చినారు?" అని ఒకాయన అడిగి, చెప్పగానే తన పక్కన చాప జరిపి చోటిచ్చారు. పద్యం చివర రాగం లాగుతుంటే వెనకాల నుంచి వన్స్‌మోర్ అని అరుపు, నటుడు హార్మోనియం వైపు ఒక్క చూపు చూసి, శ్రుతి అందుకుని, రెండోసారి ఇంకో రాగంలో అందుకున్నాడు. మధ్యలో చదివింపులు ఉంటాయి, ఫలానా వారు ఫలానా ఆర్టిస్టుకి ఇంత అని మైకులో చెప్తారు. మనకి నచ్చితే మనమూ ఇవ్వాలి, అది వాళ్ళకి డబ్బూ గౌరవమూ రెండూ. నాటకం మధ్య ఆగిపోతోందని కొందరు బయటివాళ్ళు చిరాకు పడతారు గానీ, ఆ ఆగడంలోనే ఊరికీ ఆర్టిస్టుకీ మాట నడుస్తుంది.

సౌకర్యాల సంగతికొస్తే, చలికాలం మంచు బాగా కురుస్తుంది, దుప్పటి, తలకి కండువా, టార్చి, నీళ్ళు తీసుకెళ్ళండి. ఆడవాళ్ళతో వెళ్తే బాత్రూమ్ కోసం దగ్గర్లో ఒక ఇల్లు ముందే అడిగి పెట్టుకోండి, ఎవరూ కాదనరు. తిరిగి వెళ్ళడానికి తెల్లవారుజామున మొదటి బస్సే దిక్కు, లేదా కారు ఉంచుకోవాలి. కారుకి వెయిటింగు ఛార్జీ ఎక్కువే అవుతుంది, అయినా పెద్దవాళ్ళుంటే దాని మీద పొదుపు చేయకండి.

తూర్పు భాగవతం, తప్పెటగుళ్ళు, జముకుల కథ, ఈ మూడూ ఉత్తరాంధ్ర సొంత సొత్తు. ఉత్సవాల వేదిక మీద ఒక్కోదానికి పదిహేను నిమిషాలు ఇస్తారు, అది నాకు అన్యాయం అనిపిస్తుంది. తప్పెటగుళ్ళు ఆ పదిహేను నిమిషాల్లో కూడా గెలుస్తాయి, ఛాతీకి కట్టిన రేకు తప్పెటల మోత, గజ్జెలు, మనిషి మీద మనిషి ఎక్కి నిలబడటం, చూడగానే ఒళ్ళు జలదరిస్తుంది. భాగవతం అలా కాదు. సత్యభామ వేషం వేసిన మగమనిషి పక్కన మద్దెలగాడు నెమ్మదిగా మొదలుపెట్టి, దరువు మీద దరువు పెంచుకుంటూ పోతే, రాత్రి ఒంటిగంటకి కాలికీ చేతికీ మధ్య పోటీ ఒక స్థాయికి చేరుతుంది. దాన్ని ముక్కగా చూస్తే ఏమీ చూడనట్టే. జముకుల కథకి మైకే శత్రువు. జముకులో తీగ మీటితే వచ్చే ఆ గుబగుబ శబ్దం స్పీకర్లో పగిలిపోతుంది, పది అడుగుల దూరంలో నేల మీద కూర్చుని వింటేనే కథ చెప్పేవాడి ఊపిరి కూడా తెలుస్తుంది. అరసవిల్లి రథసప్తమికి (మాఘ శుద్ధ సప్తమి) వెళ్ళేవాళ్ళు వేదిక మీద చూసి నచ్చిన బృందం దగ్గరికి వెళ్ళి, మీ ఊళ్ళో పూర్తిగా ఎప్పుడు ఆడతారని అడగండి, సంతోషంగా చెప్తారు. మేం అలాగే ఒక భాగవతానికి వెళ్ళాం.

ఒక పూట మిగిలితే బొబ్బిలికి పెట్టుకోండి. విజయనగరం నుంచి రాయపూర్ లైనులో రైలు ఉంది, బస్సులూ ఉన్నాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్ళు ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు, ఏకాండి వీణ అంటారు దాన్ని. బహుమతి వీణల బొమ్మలు కొనుక్కుని వచ్చేయకుండా, వాయించే వీణ ఒకటి మీటి చూపించమని అడగండి. తీగ సన్నగా మోగి ఆగిపోకుండా కర్రలోంచి చాలాసేపు పలుకుతుంది. కొనే ఉద్దేశం ఉంటే వెంటనే తేల్చేయకుండా వాయించడం వచ్చినవాళ్ళని తీసుకెళ్ళి మెట్లు, శ్రుతి చూపించుకోవాలి. పంపించడానికి ప్యాకింగు, బండి ఖర్చు ఎవరిదో కూడా ముందే మాట్లాడుకోండి.

ఒక్కసారే వెళ్ళగలను, ఏది ఎంచుకోమంటారు అని మావయ్యని అడిగితే మాఘమాసంలో శ్రీకాకుళం, ఊళ్ళమ్మట పద్యనాటకం అంటారు. నేనైతే నవంబరు చివర విజయనగరం అంటాను. కాలేజీ నడుస్తూ ఉంటుంది, గురజాడ వర్ధంతికి నాటకమో సభో దొరుకుతుంది, ఎండ ఉండదు, సిరిమాను రద్దీ అయిపోయి గదులు మామూలు రేటుకి వస్తాయి.