పాత లీవర్ రైఫిల్‌కి స్కోప్: ఏ మౌంట్ మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల కొన్ని పాత ఇళ్లలో లీవర్ రైఫిళ్లు, అంటే ట్రిగ్గర్ దగ్గరి కాడని కిందికి లాగి తూటా ఎక్కించేవి, ఇంకా లైసెన్సు మీద ఉన్నాయి. తాత పేరు మీంచి తండ్రి పేరు మీదకి, ఆయన తర్వాత కొడుకు పేరు మీదకి మారుతూ వచ్చినవి. అలా చేతికొచ్చేసరికి కొడుక్కీ నలభై అయిదు దాటి, చత్వారం వచ్చి ఉంటుంది. గురి చూసే వెనక సైటు గాడి మసకగా కనిపిస్తుంది. ముందు సైటు మీద చూపు నిలిపితే టార్గెట్ మాయమవుతుంది. దాంతో "దీనికి స్కోప్ పెట్టించేద్దాం" అన్న ఆలోచన పుడుతుంది. స్కోప్ ఏ కంపెనీదన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు తేలాల్సింది దాన్ని ఎక్కడ, దేని మీద కూర్చోబెట్టాలన్నదే, అంటే మౌంట్ సంగతే. అందరికీ ఒకే జవాబు లేదు. కాల్చాక మిగిలే ఖాళీ గుల్లని మీ రైఫిల్ ఎటు విసురుతుందో చూస్తే సగం జవాబు దొరికినట్టే.

అమెరికా కంపెనీ వించెస్టర్ వాళ్ల 94 సంగతి చూద్దాం. జాన్ బ్రౌనింగ్ చేసిన డిజైన్ ఇది, 1894 నాటిది. రైఫిల్ మీద దుర్భిణి పెట్టుకుని తిరగడం అప్పట్లో మామూలు వేటగాడి ఊహలోనే లేదు. లీవర్ కిందికి లాగితే తూటాని వెనక నుంచి మూసి ఉంచే బోల్ట్ వెనక్కి జరుగుతుంది, ఆ బోల్ట్ ఉండే రిసీవర్ అనే ఉక్కు పెట్టె పైభాగం అంతా తెరుచుకుంటుంది, గుల్ల నేరుగా నెత్తి మీదుగా ఎగిరిపోతుంది. ఆ దారికి అడ్డంగా స్కోప్ పెడితే గుల్ల దాని అడుగుకి తగిలి మళ్లీ లోపలికే పడుతుంది. నమ్మకం లేకపోతే డమ్మీ తూటాలతో చూడండి. మా బావమరిదికి నేను అలాగే చూపించాను. రిసీవర్‌కి అంగుళం ఎత్తులో అట్టముక్క చుట్టి పట్టుకుని లీవర్ ఆడించమన్నాను. రెండోసారికే గుల్ల అడ్డం తిరిగి బోల్ట్‌కీ బారెల్‌కీ మధ్య ఇరుక్కుంది. "ఇంక చాల్లే బావా" అన్నాడు.

ఈ తంటా కంపెనీకీ తెలుసు. 1980ల మొదట్లో రిసీవర్ కుడి గోడని కాస్త తగ్గించి, గుల్ల పక్కకి పోయేలా మార్చింది. దాన్ని యాంగిల్ ఎజెక్ట్ అంటారు. ఆ రకానికి పైన స్కోప్ బేస్ (స్కోప్ రింగులు కూర్చునే పట్టీ) కోసం బెజ్జాలు కూడా ఫ్యాక్టరీలోనే వేసి ఇచ్చారు. కానీ మన దేశంలో మామూలు మనుషులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం ఇంచుమించు అదే కాలంలో, 1980ల నడిమిలోనే ఆగిపోయింది. కాబట్టి మనవైపు ఇళ్లలో ఉన్న 94 అంటే పైకి విసిరే పాత రకమే అనుకోవచ్చు.

మార్లిన్ 336 దారి వేరు. 1948లో వచ్చిన ఈ రైఫిల్‌కి రిసీవర్ పైకప్పు అంతా గట్టి ఉక్కు. గుల్ల కుడి పక్కనున్న కిటికీలోంచి బయటికి పోతుంది. 1950ల నడిమి నుంచి పైకప్పు మీద బెజ్జాలు, మరలతో సహా ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. స్కోప్ పెట్టుకోవాలనుకునేవాళ్లు అమెరికాలో దీని వైపు మొగ్గింది ఇందుకే. సావేజ్ 99 ఉన్నవాళ్లు ఇంకా అదృష్టవంతులు. దానికి బయట హ్యామరే (తూటాని పేల్చే సుత్తి) ఉండదు కాబట్టి స్కోప్ కింద దాన్ని బొటనవేలితో లాగాల్సిన బెడదా లేదు. 1950ల తర్వాతి వాటికి బెజ్జాలు వేసే ఉంటాయి. దానికి తగిన బేస్ బిగించుకుంటే పని అయిపోతుంది.

ఇక అమెరికా వాడికి లేని, మనకి మాత్రమే ఉన్న లెక్క ఒకటుంది. అది తూటాల లెక్క. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు .315, .30-06 తూటాలు చేస్తాయి గానీ 94కీ, 336కీ ఎక్కువగా వాడే .30-30 చేయవు. పాత నిల్వలో దొరికినవే దిక్కు, ధర అడిగితే గుండె గుభేలుమంటుంది. పైగా ఏడాదికి ఎన్ని కొనొచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. స్కోప్ జీరో చేయడానికి, అంటే స్కోప్ గీతలు చూపిన చోటే తూటా తగిలేలా సరిచేయడానికి, అక్కడివాళ్లు ఒక డబ్బా, అంటే ఇరవై తూటాలు, ఆలోచించకుండా కాల్చేస్తారు. మనం అలా కాల్చలేం. కాబట్టి మౌంట్ ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగేది, ఎన్ని తక్కువ తూటాలతో ఇది గురికి వస్తుంది, వచ్చాక కదలకుండా ఉంటుందా అనే.

ఈ విషయంలో మార్లిన్‌తో పోటీ పడేది లేదు. లీవర్ స్క్రూ ఒక్కటి తీస్తే లీవర్ ఊడివస్తుంది, బోల్ట్ వెనక్కి జారి చేతికొస్తుంది. అప్పుడు లోపలి నుంచి ఎజెక్టర్ అనే చిన్న ముక్క జారి పడుతుంది. కింద గుడ్డ పరుచుకోకపోతే దాన్ని వెతకడానికి పూట పడుతుంది. ఇక రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, వెనక నుంచి బారెల్ గుండా చూస్తే పాతిక గజాల దూరంలో గోడకి అంటించిన తెల్ల కాగితం గుండ్రంగా కనిపిస్తుంది. అది నడిమికి వచ్చాక రైఫిల్ కదపకుండా స్కోప్ గీతల్ని అదే కాగితం మీదకి తిప్పుకోవాలి. ఒక్క తూటా కాల్చకుండానే పని చాలావరకు అయిపోయినట్టే. ఆపైన రేంజిలో పాతిక గజాల దగ్గర మొదలుపెట్టి వంద గజాలకి వెళితే పొదుపుగా తేలుతుంది. 94లో బోల్ట్ అంత సులువుగా ఊడిరాదు, చాలా భాగాలు విప్పాలి. బారెల్ మూతిలో పెట్టి, కాల్చకుండానే స్కోప్ సరిచూసుకునే కాలిమేటర్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోవడం మంచిది.

కాబట్టి మార్లిన్‌కి నా ఓటు రిసీవర్ మీద బిగించే ఒకే ముక్క బేస్‌కే. వీవర్ వాళ్ల 63బి అనే అల్యూమినియం బేస్ చాలాకాలంగా ఉన్నదే, చవకైనదే. దాని మీద తక్కువ ఎత్తు రింగులు, ఒక అంగుళం గొట్టం స్కోప్, ముందు అద్దం 32 మిల్లీమీటర్లు మించకుండా. పెద్ద అద్దం పెడితే రింగులూ ఎత్తు పెరగాలి, చెంప బట్‌కి (భుజానికి ఆనించే చెక్కకి) ఆనదు. ఈ రైఫిళ్ల బట్ వంపు ఇనుప సైట్ల కోసం చేసింది, కిందికి దిగి ఉంటుంది. .30-30కి 150 నుంచి 200 గజాలు దాటి పని లేదు కాబట్టి 2.5 రెట్లు, లేదా 1.5 నుంచి 4.5 రెట్ల స్కోప్ చాలు. 12 రెట్లది కొని తుపాకీ మీద కూర్చోబెట్టడం వట్టి షోకు.

రింగులు కొనేటప్పుడు ఒక చిన్న తిరకాసు ఉంది. రింగులు పట్టుకునే పట్టీలు రెండు రకాలు, వీవర్, పికాటినీ. వీవర్ గాడి వెడల్పు అంగుళంలో 0.180 వంతు, పికాటినీ గాడిది 0.206. వీవర్ రింగు పికాటినీ రైలు మీద కూర్చుంటుంది. పికాటినీ రింగు అడ్డుకడ్డీ మాత్రం వీవర్ గాడిలోకి దిగదు. ఆన్‌లైన్‌లో రెండింటినీ ఒకే పేరుతో అమ్మేస్తున్నారు, చూసి కొనాలి.

స్కోప్ పెట్టాక హ్యామర్ మీదకి బొటనవేలు సరిగ్గా చేరదు. స్కోప్ వెనక భాగం సరిగ్గా దాని నెత్తి మీదే ఉంటుంది. అందుకని హ్యామర్‌కి పక్కకి తిరిగి ఉండే చిన్న కాడ ఒకటి బిగిస్తారు. ఖర్చు తక్కువే, కానీ దాన్ని వద్దనుకోకూడదు. తూటా లోపల ఉండగా హ్యామర్‌ని నెమ్మదిగా దించేటప్పుడు వేలు జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఖాళీ రైఫిల్‌తో చేతికి అలవాటయ్యేదాకా చేసి చూసుకోవాలి.

స్కోప్ కిందనుంచి ఇనుప సైట్లు కూడా కనిపించేలా ఎత్తుగా, నడుమ బోలుగా ఉండే రింగులు ఉంటాయి. "రెండూ ఉంటాయి కదా" అని చాలామంది వాటికి పడిపోతారు. నాకు అస్సలు నచ్చవు. స్కోప్ మధ్యగీత బారెల్‌కి రెండున్నర అంగుళాల పైకి పోతుంది. చెంప గాల్లో ఉంటుంది, మెడ చాచి చూడాలి, తల ప్రతిసారీ ఒక్కోచోట ఆగుతుంది. వంద గజాలకి జీరో చేసిన రైఫిల్ పాతిక గజాల దగ్గర అంగుళం కిందకి కొడుతుంది. పొదలకి తగిలితే ముందు వంగేది కూడా ఆ రింగులే.

ఇక 94 ఉన్నవాళ్ల సంగతి. వాళ్ల ముందున్న దారులు మూడు, నాలుగోది సగం దారి.

మొదటిది పక్క మౌంట్. రిసీవర్ ఎడమ గోడకి ప్లేటు బిగించి, స్కోప్‌ని ఎడమ పక్కకి జరిపి పెడతారు. గుల్ల దారి ఖాళీగానే ఉంటుంది. వీవర్, విలియమ్స్ లాంటివాళ్లు దశాబ్దాల క్రితమే ఇలాంటివి చేశారు. కానీ స్కోప్ బారెల్‌కి అంగుళం పక్కన ఉందనుకోండి, వంద గజాల దగ్గర చూపు గీతా, తూటా గీతా కలిసేలా జీరో చేస్తే, యాభై గజాల దగ్గర తూటా అర అంగుళం కుడికి, రెండువందల దగ్గర అంగుళం ఎడమకి పోతుంది. గుర్తుంచుకుంటే ఇబ్బంది ఏమీ లేదు. అసలు బాధ తల వాల్చడంలో ఉంది. బట్ ఒకచోట, కన్ను ఇంకోచోట. దానికి మించిన సంగతి బెజ్జాలు. నూరేళ్ల రిసీవర్ గోడకి నాలుగు బెజ్జాలు వేశాక అవి మళ్లీ పూడవు. 1964కి ముందటి 94 అయితే, వెల కట్టేవాడు మొదట చూసేది ఆ గోడనే. ఎవరో తాతల కాలంలోనే బెజ్జాలు వేయించి ఉంటే మాత్రం సందేహించక్కర్లేదు, ఆ బెజ్జాలకే సరిపోయే ప్లేటు వెతికి పెట్టుకోండి.

రెండోది ముందు మౌంట్, స్కౌట్ అనేది. స్కోప్‌ని రిసీవర్ దాటించి బారెల్ మీద పెడతారు. మామూలు స్కోప్‌కి కన్ను మూడు నాలుగు అంగుళాల దూరంలో ఉండాలి, దీనికి తొమ్మిది పది అంగుళాలు ఉండాలి. అందుకని దీనికోసమే చేసిన స్కోప్ కావాలి, మామూలుది పనికిరాదు. ల్యూపోల్డ్ వాళ్లు 2.5 రెట్లది ఒకటి చేశారు. గుల్లకి అడ్డం లేదు, హ్యామర్‌కి అడ్డం లేదు, రెండు కళ్లూ తెరిచి చూడొచ్చు. మూడు కిలోల రైఫిల్‌ని రిసీవర్ దగ్గర ఒంటి చేత్తో పట్టుకుని నడవడం లీవర్ రైఫిల్‌లో ఉన్న సుఖం. పైన స్కోప్ పెడితే అది పోతుంది, స్కౌట్‌తో మిగులుతుంది. లోపాలు లేకపోలేదు. ముందు బరువు పెరుగుతుంది. సాయంత్రం పొద్దు వాలి వెనక నుంచి ఎండ పడితే వెనక అద్దం తళుక్కుమని ఏమీ కనబడదు. మసక వెలుతురులో మామూలు స్కోప్ అంత తేటగా ఉండదు. మౌంట్లలో వెనక సైటు గాడిని పట్టుకుని నిలబడేవి ఉన్నాయి, బారెల్‌కి బెజ్జాలు అడిగేవీ ఉన్నాయి. కొనేముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

మూడోది స్కోప్ కాదు, పీప్ సైటు. చత్వారం వచ్చినవాడికి నేను ముందు చెప్పేది ఇదే. కంటికి దగ్గరగా చిన్న రంధ్రం. దాని మీద చూపు నిలపక్కర్లేదు, దాని గుండా చూస్తే చాలు, ముందు సైటుని కన్ను దానంతటదే నడిమికి తెచ్చుకుంటుంది. రెండు సైట్ల మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి గురి కూడా మెరుగవుతుంది. లైమన్, విలియమ్స్, మార్బుల్స్ చేసినవి ఈ రైఫిళ్ల కోసమే తయారైనవి. చాలా 94లకి రిసీవర్ ఎడమ పక్కన వెనకవైపో, బట్ మొదట్లో తోకపట్టీ మీదో దీనికోసం బెజ్జాలు ఫ్యాక్టరీలోనే వేసి, చిన్న స్క్రూలతో మూసి ఉంచారు. తుడిచి చూడండి, నూనె మురికి కింద ఉంటాయి. బరువు లేదు, అద్దం లేదు, బూజు పట్టేదేమీ లేదు. పాతదాన్ని పాడు చేశామన్న బాధా లేదు.

సగం దారి అన్నది వెనక సైటు గాడిలో కూర్చునే బుల్లి రెడ్ డాట్, అంటే అద్దంలో వెలిగే ఎర్ర చుక్కతో గురి చూసేది. కన్ను కాస్త అటూ ఇటూ ఉన్నా చుక్క కనిపిస్తుంది, పెద్ద వయసు కళ్లకి హాయి. బ్యాటరీ టెన్షన్ ఒకటి, ఆ పాత ఉక్కు మీద ప్లాస్టిక్ డబ్బీ పెట్టినట్టుండటం ఇంకొకటి. రెండోది నా పట్టింపే అనుకోండి.

ఏది మేలంటే, మార్లిన్‌కి రిసీవర్ మీద ఒకే ముక్క బేస్, పొట్టి రింగులు. 94కి పీప్ సైటు. అది చాలకపోతేనే బెజ్జాలు అడగని స్కౌట్ మౌంట్. పక్క మౌంట్, పాత బెజ్జాలు ఉన్నవాళ్లకి మాత్రమే. పొలం మీదకి వచ్చే అడవిపందుల్ని దృష్టిలో పెట్టుకుని స్కోప్ ఎంచుకుందామనుకుంటే ఒక్క మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారుల అనుమతి లేనిదే వాటి మీద తుపాకీ ఎత్తకూడదు. లైసెన్సు చేతిలో ఉండటం దానికి అనుమతి కాదు.

బెజ్జం అవసరమైనా, పాత బెజ్జంలో మర పాడైనా, మరమ్మతు లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లాలి. తుపాకీ మరమ్మతుకీ, మార్పుకీ లైసెన్సు ఉండాలని 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. మా ఊళ్లో కొమ్ముతో కొంగలూ నెమళ్లూ చెక్కే పనివాళ్ల చేతిలో డ్రిల్లు వెంట్రుకవాసి కూడా జారదు, నాకు వాళ్ల పనితనం మీద ఎంతో గౌరవం. అయినా ఈ పని వాళ్లకి ఇవ్వకూడదు, లేత్ మిషన్ షాపుకీ ఇవ్వకూడదు.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. ముందు బేస్ బెజ్జాల్లో ఎండిపోయిన నూనె స్పిరిట్‌తో కడిగించాలి. స్క్రూ పొడవు మరీ ఎక్కువైతే లోపల బోల్ట్‌కి రాసుకుంటుంది. స్క్రూ బిగించాక లీవర్ ఆడించి, ఎక్కడా పట్టినట్టు లేదని తేల్చుకోవాలి. రింగు స్క్రూలు 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు చాలు, బలం కొద్దీ తిప్పితే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. నీలిరంగు లాక్ జిగురు చుక్క వేస్తే కదలవు, కావలసినప్పుడు ఊడతాయి కూడా. ఎర్రది వద్దు. బేస్ కింద పలచగా నూనె రాయించడం మరిచిపోకండి. మనవైపు వానాకాలం తేమకి తుప్పు మొదలయ్యేది కంటికి కనిపించని ఆ సందులోనే. దసరాకి ఆయుధపూజ చేసేటప్పుడు ఒకసారి బేస్ విప్పి చూసుకుంటే సరిపోతుంది, మార్లిన్ అయితే మళ్లీ బారెల్ గుండా కాగితం చూసి గురి సరిచేసుకోవచ్చు.