పది మంది కూడితేనే తెరిచే సీసా: కోవిడ్ టీకా సేవపై ఒక సమీక్ష

కోవిషీల్డ్ అనే కోవిడ్ టీకా సీసా ఒక్కొక్కదానిలో పది డోసులు ఉండేవి. మూత తెరిచాక నాలుగు గంటల్లోగా ఆ పది డోసులూ వాడాల్సి వచ్చేది, మిగిలితే పారవేయాల్సి వచ్చేది. 2021లో వరంగల్, హనుమకొండ బస్తీల్లో గాని, పరకాల, ములుగు వైపు పల్లెల్లో గాని టీకాకు వెళ్లినవారికి ఈ సేవ బాగోగులు రెండూ ఈ లెక్క దగ్గరే ఎదురయ్యాయి. ఎనిమిది మంది వచ్చి కూర్చుంటే మరో ఇద్దరి కోసం టీకా వేసే నర్సు, అంటే ఏఎన్ఎం, గుమ్మం వైపు చూసేది. పన్నెండు మంది వస్తే చివరి ఇద్దరిని ఇంకొంతమంది వచ్చేదాకా ఆగమని బతిమాలేది.

ఉచితంగా అందిన సర్కారు సేవను సమీక్షించడమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఒక రోజు కూలి మానుకొని, లాక్‌డౌన్‌లో పోలీసులకు ఫోనులోని సందేశం చూపించుకుంటూ వెళ్లి తీసుకున్న సేవను నేను ఉచితమని అనుకోను. అందుచేత మార్కులు ముందే చెబుతున్నాను: సూది వేసిన చేతులకు పూర్తి మార్కులు, మొదటి ఐదు నెలల సరఫరాకు అత్తెసరు మార్కులు, నమోదు పద్ధతికి అంతకంటే తక్కువ.

దేశంలో టీకా కార్యక్రమం 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలైంది. మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి, 45 దాటి దీర్ఘకాలిక జబ్బులున్నవారికి, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ, మే 1 నుంచి 18 దాటినవారికి అర్హత వచ్చింది. ఈ వరుస కాగితం మీద సక్రమంగానే కనిపిస్తుంది గాని, మార్చిలో కేంద్రాల్లో టీకా ఉంటే జనం లేరు, మేలో జనం ఉంటే టీకా లేదు. మార్చిలో మన దగ్గర కరోనా పోయిందన్న ధీమా ఎంత బలంగా ఉండేదంటే, దవాఖాన గోడ మీది ప్రకటన చదివి నవ్వుకుంటూ వెళ్లినవారిని నేనే చూశాను. ఏప్రిల్‌లో రెండో విడత విరుచుకుపడి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో కోవిడ్ వార్డులు నిండిన తర్వాత అదే జనం తెల్లవారకముందే వరుసలో చెప్పులు పెట్టి చోటు పట్టుకున్నారు. ఆ గడ్డు రోజుల్లోనే, ఏప్రిల్ 30న, వరంగల్ నగరపాలక సంస్థకు ఎన్నికలు కూడా జరిగాయన్నది మరచిపోదగిన విషయం కాదు.

నమోదు సంగతికి వస్తాను. 18 నుంచి 44 ఏళ్ల వారు కోవిన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ముందుగా పేరు నమోదు చేసుకొని, ఖాళీ దొరికిన చోట సమయం ఖరారు చేసుకొని రావాలన్నది మే నెల నిబంధన. ఖాళీలు ఎప్పుడు తెరుచుకుంటాయో ఎవరికీ తెలియదు. తెరుచుకున్నప్పుడు ఓటీపీ వచ్చేలోపే అయిపోయేవి. ఫోను ఎడాపెడా నొక్కగల కుర్రాళ్లు హనుమకొండలో కూర్చొని పక్క జిల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చోటు పట్టుకునేవారు, ఆ ఊరి వారేమో తమ కేంద్రానికి కార్లలో వచ్చి దిగుతున్నవారిని అరుగు మీద కూర్చొని చూసేవారు. ఆ పోర్టల్ తెలుగులోకి వచ్చింది జూన్‌లో, అంటే తొక్కిసలాట చాలావరకు ముగిశాక. ఇంటర్నెట్ లేనివారి గతేమిటని సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో గట్టిగానే ప్రశ్నించింది. అంతకు వారం ముందు, మే 24న, ప్రభుత్వ కేంద్రాలకు నేరుగా వచ్చినవారిని అక్కడికక్కడే నమోదు చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు అనుమతినిచ్చింది. మొదటి రోజు నుంచీ ఉండవలసిన వెసులుబాటు అది.

రెండో డోసు వారి కష్టం వేరు. టీకా చాలక మే నెలలో మన రాష్ట్రంలో కొన్నాళ్లు మొదటి డోసు ఆపి, గడువు వచ్చిన రెండో డోసు వారికే వేశారు. ఆ నిర్ణయం సరైనదే. కాని ఆ నెల 13న కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 12 నుంచి 16 వారాలకు పెంచారు. మొదట నాలుగు వారాలు, మార్చి చివర్లో ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఇప్పుడు ఇది. వ్యవధి పెరిగితే రక్షణ మెరుగవుతుందన్న శాస్త్ర కారణం నిజంగానే ఉన్నా, ఆ మాట సరిగ్గా టీకా లేని వారంలో వినిపించేసరికి ఎవరూ నమ్మలేదు. మా ఇంటి పెద్దలను తీసుకువెళ్లిన కేంద్రంలో, పేరు నేను చెప్పను, బయట ఒక కాగితం కూడా అతికించకుండా, గంటలకొద్దీ వరుసలో నిలబెట్టి, బల్ల దగ్గరికి చేరాక కంప్యూటర్ ఒప్పుకోవడం లేదని చెప్పి పంపించారు. అలా పంపించడం కంటే, ఆ మాట ముందుగా చెప్పే మనిషి ఒక్కరూ లేకపోవడమే అక్కడి లోపం.

సరఫరా ఎందుకు అలా కటకటలాడిందో తెలియాలంటే ఆఫ్రికా ఖండం వైపు చూడాలి, ఎందుకంటే మన పల్లెకూ అక్కడి పల్లెకూ సీసాలు వచ్చింది ఒకే కర్మాగారం నుంచి. పేద దేశాలకు టీకా అందించడానికి ఏర్పడిన కోవాక్స్ ఏర్పాటు కింద మొట్టమొదటి సరుకు 2021 ఫిబ్రవరి 24న ఘనా రాజధాని అక్రాలో దిగింది. ఆ 6 లక్షల డోసులూ పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారైనవే. రెండు రోజులకు కోట్ డివార్‌కు 5.04 లక్షల డోసులు చేరాయి, మార్చి 1న రెండు దేశాల్లోనూ టీకాలు మొదలయ్యాయి. మన దగ్గర అరవై దాటినవారికి మొదలైనది కూడా అదే రోజు. నెల తిరక్కుండానే మన దేశంలో కేసులు పెరగడంతో ఎగుమతులు దాదాపు ఆగిపోయాయి, కోవాక్స్‌కు మళ్లీ సరుకు వెళ్లింది నవంబరులో. ఇంట్లో చావులు చూస్తూ టీకా బయటికి పంపమని ఎవరూ అనలేరు. అయితే ఒక ఖండం మొత్తాన్ని దాదాపు ఒకే కర్మాగారానికి కట్టివేసిన ఏర్పాటును మాత్రం తప్పుపట్టక తప్పదు. ఆఫ్రికా తన టీకాల్లో దాదాపు 99 శాతం బయటి నుంచే కొనుక్కునేది. దక్షిణాఫ్రికాలోని గెబెర్హాలో ఆస్పెన్ సంస్థ సీసాల్లో నింపిన జాన్సన్ అండ్ జాన్సన్ టీకాలు సైతం కొంతకాలం యూరప్‌కు తరలిపోయాయి.

అక్కడ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది టీకా లేకపోవడం కంటే, ఉన్న టీకా గడువు దాటిపోవడం. మలావీకి 2021 మార్చి 26న ఆఫ్రికన్ యూనియన్ ద్వారా 1.02 లక్షల డోసులు వచ్చాయి, వాటి గడువు ఏప్రిల్ 13. అంటే వాటిని పల్లెలకు చేర్చి, జనాన్ని ఒప్పించి, వేయడానికి ఉన్నది 18 రోజులు. మిగిలిపోయిన 19,610 డోసులను మే 19న లిలోంగ్వేలో బహిరంగంగా తగలబెట్టారు, గడువు తీరిన టీకా వేస్తున్నారన్న అనుమానం జనంలో పోవాలని. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం తనకొచ్చిన 17 లక్షల్లో దాదాపు 13 లక్షల డోసులను వేయలేనని తిరిగి ఇచ్చేసింది. నైజీరియా ఆ డిసెంబరులో 10 లక్షలకు పైగా డోసులను అబుజాలో ధ్వంసం చేసింది. ధనిక దేశాలు గడువు దగ్గర పడ్డాక దానమిచ్చిన సరుకు అది. 2021 చివరికి జనాభాలో 40 శాతానికి టీకా వేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. సీషెల్స్, మారిషస్, మొరాకో వంటి కొద్ది దేశాలు దాన్ని అందుకున్నాయి గాని, ఖండం మొత్తం మీద పదో వంతు మందికి కూడా రెండు డోసులు పడలేదు. ఏఎన్ఎం బల్ల మీద పది మందికీ నాలుగు గంటలకూ మధ్య జరిగిన పోటీయే అక్కడ లక్షల డోసులకూ కొద్ది రోజులకూ మధ్య జరిగింది. సమయానికి మనుషులను పోగుచేయగల యంత్రాంగం ఉన్నచోట సీసా వృథా కాలేదు.

ఆ యంత్రాంగం మన దగ్గర ఉంది, దాని పేరు ఆశా కార్యకర్త. పల్లెల్లో ఏప్రిల్, మే అంటే యాసంగి వడ్లు ఐకేపీ కొనుగోలు కేంద్రాల్లో కుప్పలు పోసుకొని కాంటా కోసం కాపలా ఉండే కాలం. ఆ వెంటనే వానాకాలం పత్తి గింజలు, నాట్లు. టీకా వేసుకుంటే జ్వరం వస్తుంది, జ్వరం వస్తే రెండు రోజుల కూలి పోతుంది. ఈ లెక్కను చదువురాని మూఢత్వమని నగరంలో ఎగతాళి చేసినవారు చాలామంది ఉన్నారు. మా ఊరి ఆశా కార్యకర్త మాత్రం ఎగతాళి చేయలేదు. ఎవరి వడ్లు ఎప్పుడు కాంటా అవుతాయో, ఎవరింట్లో పెళ్లి ఉందో తెలిసిన మనిషి కావడంతో ఒక్కొక్కరికీ వీలైన రోజు చూసి పేర్లు రాసుకుంది. "పెద్దమ్మా, ఇయ్యాల తొమ్మిది మంది అయిన్రు, నువ్వొస్తే సీసా ఇప్పుతరు, జరం గోలీలు గూడ ఇస్తరు" అని ఆమె పిలిస్తే, అప్పటిదాకా ససేమిరా అన్న ముసలావిడ కూడా కొంగు సర్దుకొని సర్కారు బడి వైపు నడిచింది. పది మందిని కూర్చే ఈ పని ఏ యాప్ చేయలేదు. ఇందుకు ఆమెకు దక్కిన పారితోషికం ఎంతన్నది వేరే చర్చ, అది సిగ్గుపడవలసిన చర్చ.

రాష్ట్ర ప్రభుత్వం మే 28 నుంచి నడిపిన ప్రత్యేక కార్యక్రమాన్ని కూడా మెచ్చుకోవాలి. రేషన్ డీలర్లు, గ్యాస్ సరఫరా చేసేవారు, పెట్రోలు బంకుల సిబ్బంది, ఎరువుల దుకాణాల వారు, జర్నలిస్టులు, ఆ తర్వాత ఆటో డ్రైవర్లు, కూరగాయలు అమ్మేవారు అంటూ రోజంతా నలుగురితో మసలేవారిని ముందుగా పిలిచి టీకా వేశారు. వయసును బట్టి కాకుండా చేసే పనిని బట్టి ఎంచుకోవడం తెలివైన ఆలోచన. వాళ్లు పోర్టల్‌తో కుస్తీ పట్టనవసరం కూడా లేకపోయింది. జూన్ 21 నుంచి 18 దాటిన అందరికీ కేంద్ర ప్రభుత్వమే ఉచితంగా టీకా సమకూర్చడం మొదలయ్యాక ఊపిరాడింది. అక్టోబరు 21న దేశంలో 100 కోట్ల డోసులు, 2022 జూలై 17న 200 కోట్లు పూర్తయ్యాయి. 2021 సెప్టెంబరు 17న ఒక్క రోజే రెండున్నర కోట్ల డోసులు వేసిన ఘనత గురించి మాత్రం నాకు అంత ఉత్సాహం లేదు. ఒక రోజు రికార్డు కంటే, ప్రతి బుధవారమూ ఉపకేంద్రంలో టీకా తప్పకుండా ఉండడమే పల్లెకు అక్కర. పిల్లల టీకాల కథ సాఫీగానే సాగింది: 2022 జనవరి 3 నుంచి 15 నుంచి 18 ఏళ్ల లోపు వారికి కోవాగ్జిన్, మార్చి 16 నుంచి 12 దాటిన పిల్లలకు హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఇ తయారుచేసిన కోర్బెవాక్స్.

కేంద్రం లోపలి అనుభవం చాలాచోట్ల హుందాగా ఉంది. ఐస్ ప్యాకులున్న డబ్బాలోంచి సీసా తీయడం, ఒక్కసారి వాడితే మళ్లీ పనిచేయని సిరంజిని మన కళ్లముందే విప్పడం, అర మిల్లీలీటరు కొలిచి వేయడం, వాడిన సూదిని కత్తిరించడం, అరగంట కూర్చోబెట్టడం, వీటిలో నేను చూసినంతవరకు ఎక్కడా అలసత్వం లేదు. సమాచారం దగ్గర మాత్రం లోటు కనిపించింది. కోవిషీల్డ్‌నే విదేశాల్లో ఆస్ట్రాజెనెకా టీకా అనేవారు; దానితో అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని యూరప్ ఔషధ సంస్థ 2021 ఏప్రిల్ 7న ప్రకటించింది. మన నిపుణుల సంఘం మే 17న తన పరిశీలనలో 10 లక్షల డోసులకు 0.61 చొప్పున అలాంటి కేసులు ఉన్నాయని చెప్పింది, టీకా వేసుకున్న 20 రోజుల్లో ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, కాళ్ల వాపు వంటివి కనిపిస్తే వెంటనే చెప్పాలని సూచన కూడా వెలువడింది. ఆ సూచనను గోడ మీద తెలుగులో రాసిన కేంద్రం ఒక్కటీ నా కంట పడలేదు. పది లక్షల్లో ఒకరికైనా రాని ప్రమాదం గురించి చెబితే జనం భయపడతారని అధికారులు అనుకొని ఉండవచ్చు. 2024లో ఆ విషయం బ్రిటన్ కోర్టు పత్రాల ద్వారా మళ్లీ వార్తల్లోకి ఎక్కినప్పుడు, కొత్తగా విన్నట్టు బెంబేలెత్తినవారిని చూస్తే, అప్పుడే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అర్థమవుతుంది.

ప్రైవేటు ఆసుపత్రుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2021 జూన్‌లో కోవిషీల్డ్‌కు గరిష్ఠంగా 780 రూపాయలు, కోవాగ్జిన్‌కు 1,410 రూపాయలు అని ధర నిర్ణయించారు. డబ్బున్నవారు వరుస తప్పించుకున్నారు, టీకా అదే, కుర్చీ మెత్తన.

ఇప్పటికీ తెగని చిక్కు ధ్రువపత్రానిది. పేరులో అక్షరం తప్పు, పుట్టిన సంవత్సరం తేడా, వేయని రెండో డోసు వేసినట్టు సందేశం రావడం వంటివాటికి పోర్టల్‌లోనే సవరణ కోరే వీలు తర్వాత కల్పించారు, అది చాలామందికి పనిచేసింది. ఫోను లేని ముసలివాళ్లను, తండాల్లోని కూలీలను నమోదు చేసేటప్పుడు పక్కింటివారిదో బంధువుదో నంబరు ఇచ్చారు. ధ్రువపత్రం దించుకోవడానికి ఓటీపీ ఆ నంబరుకే వెళుతుంది. నమోదులో ఏ నంబరు ఇచ్చారో గుర్తుంటే ఇప్పుడే ఆ పత్రాన్ని దించుకొని ఒక ప్రతి ముద్రించి పెట్టుకోవడం మేలు. నంబరు గుర్తు లేనివారు ఆ రోజు పేర్లు రాసుకున్న ఆశా కార్యకర్తనే మొదట అడగాలి, ఆమె పాత రిజిస్టరులో అది దొరికే అవకాశం ఉంది.