సెడార్, మలబారు వేప, కాస్త టేకు: నా కయాక్ కర్ర నాలుగేళ్ల తర్వాత

చెన్నైలో కర్ర కొనడం కష్టం కాదు. కయాక్‌కి, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవకి, కర్ర కొనడమే కష్టం. మూలకడై వైపు ఏ అడితికి వెళ్లినా "తలుపుకా, గుమ్మానికా సార్?" అనే అడిగారు. పడవకి అంటే కాసిమేడు పొమ్మన్నారు. అక్కడికి పోతే ఎటు చూసినా ఫైబర్ పడవలే. అలా రెండు నెలలు తిరిగి పోగేసిన కర్రతో 17 అడుగుల కయాక్ కట్టి, 2021లో ముట్టుకాడు దగ్గర నీళ్లలోకి దించాను. నాలుగేళ్ల పైబడి వాడాను కాబట్టి ఏ కర్ర నిలిచిందో, ఏది ఏడిపించిందో ఇప్పుడు చెప్పగలను.

నేను కట్టిన పద్ధతిలో పడవంటే సన్న బద్దలే. ఒక్కోటి ఆరు మిల్లీమీటర్ల మందం, ముప్పావు అంగుళం వెడల్పు. అచ్చుల మీద పక్కపక్కన అతికించి, లోపలా బయటా ఫైబర్‌గ్లాస్ గుడ్డ వేసి ఎపాక్సీ (ఆరితే గట్టిపడే జిగురు) పట్టించాలి. నాకు వెయ్యి అడుగుల బద్ద పట్టింది. లెక్కకి ఘనపుటడుగున్నర కూడా కాదు. కానీ మా రంపం పళ్ల మందం మూడు మిల్లీమీటర్లు. ఆరు మిల్లీమీటర్ల బద్ద తీసిన ప్రతిసారీ మూడు మిల్లీమీటర్ల కర్ర పొట్టు కింద పోతుంది. ముడులు, పగుళ్లు ఏరిపారేశాక మొత్తం మూడు ఘనపుటడుగులు కొనాల్సి వచ్చింది.

అమెరికా, కెనడాల్లో దీనికి ఎక్కువగా వాడేది వెస్టర్న్ రెడ్ సెడార్. ఘనపుటడుగు పదిన్నర కిలోలే ఉంటుంది. టేకైతే పద్దెనిమిది దాటుతుంది. సెడార్ మనకి గోడల తొడుగుకి, ఆవిరి స్నానం గదులకి దిగుమతి అవుతుంది. పేరు పొందిన కర్ర కదా, పేరు మీద మోసమూ ఉంది. ఒక అడితిలో ఎర్రటి పలక చూపించి "సెడారే సార్, గ్యారంటీ" అన్నారు. అడుగు పొడవు, అర అడుగు వెడల్పు, అంగుళం మందం ముక్క కోయించి, సంచీలోంచి మా వంటింటి తూకం మిషన్ తీశాను. సెడారైతే 440 గ్రాముల దగ్గర ఆగాలి. అది 700 చూపించింది. ఆయన మిషన్ వంక చూశాడు, నా వంక చూశాడు, "టీ తాగుతారా సార్" అన్నాడు. తాగాను. కర్ర మాత్రం కొనలేదు.

చివరికి ఒక ఇంటి పనిలో మిగిలిపోయిన తొడుగు పలకలు దొరికాయి. పదడుగులవి, మందం సరిగ్గా పంతొమ్మిది మిల్లీమీటర్లు. అంచు నుంచి ఆరు మిల్లీమీటర్లు కోస్తే చాలు, బద్ద తయారు. అవి పడవ అడుగు భాగానికి సరిపోయాయి. ఇంకా కొనడానికి జేబు ఒప్పుకోలేదు.

పైభాగానికి మలబారు వేప తీసుకున్నాను. ఇక్కడి డిపోల్లో మలైవేంబు అంటారు. ప్లైవుడ్ కోసం తోటలు వేసి పెంచే చెట్టు. సెడార్‌కి పెట్టిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. అయితే కొన్నప్పుడు పచ్చిది. మేడ మీద రేకుల కింద, పలకకీ పలకకీ మధ్య చెక్కముక్కలు పెట్టి పేర్చి, వారానికోసారి ఒకే ముక్కని తూచాను. మూడు కిలోల పైనున్నది రెండు కిలోల దగ్గరికొచ్చి ఇక దిగనంది. దానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో రెండు పలకలు మెలి తిరిగాయి. వాటితో మా అమ్మ తులసి కుండీకి పీట చేయించుకుంది.

కోసిపెట్టింది నాయుడుపేట నుంచి వచ్చిన ఆచారి గారు. "ఇంత మంచి పలకని పుల్లలు చేయిస్తారేంటి సార్" అని ఆయన బాధ. ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటే. పలక పక్క అంచు చూడాలి. నార ఈ చివర నుంచి ఆ చివరికి తిన్నగా పోతే పేరేదైనా తీసుకోవచ్చు. మధ్యలో పైకెక్కితే అచ్చు మీద వంచినప్పుడు అక్కడే పుటుక్కుమంటుంది. నాకు విరిగిన పదమూడు బద్దల్లో ఐదు ఖరీదైన సెడార్‌వే.

టేకు నా సరదా. పైభాగం నడుమ రెండు బద్దలు చారల్లా వేశాను. నూనె కర్ర కాబట్టి అతికించే ముందు ఎసిటోన్‌తో తుడిచాను, అతుకు బాగానే ఉంది. తిప్పలు ఇసుక కాగితం దగ్గర వచ్చాయి. పక్కనున్న వేప అరిగిపోతుంది, టేకు అరగదు. వేలితో తడిమితే రెండు గట్లు ఇప్పటికీ తగులుతాయి. ఫొటోలో మాత్రం అందరూ వాటినే మెచ్చుకుంటారు.

సెడార్ పొట్టు కొందరికి ఆయాసం తెస్తుంది. మాస్కు లేకుండా దగ్గరికి పోకండి.

ఇక నాలుగేళ్ల సంగతి. మొత్తం బరువు 21 కిలోలు, ఒక్కణ్ణే భుజాన వేసుకుంటాను. పులికాట్‌లో ఆల్చిప్పల గుట్ట మీదికెక్కి అడుగున గుడ్డ చీరి సెడార్ బయటపడింది. చూసుకోకుండా మూడు వారాలు అలాగే తిప్పాను. ఆరబెట్టి గీకితే కింద కర్ర గట్టిగానే ఉంది. వేప అంత ఓర్చుకోలేదు. వెనక మూత బిగించిన మర కన్నంలోంచి నీరు దిగి, బొటనవేలంత మేర నల్లబడింది. తప్పు నాది. కన్నం పెద్దది చేసి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక మళ్లీ మర కన్నం వేయాల్సింది. ఇప్పుడు అలాగే చేశాను, మచ్చ పెరగలేదు. ఎండకి ఎపాక్సీ పాడవకుండా వార్నిష్ ఏటా వేయాల్సిందే. ఒక వేసవి బద్ధకించాను, పైన పసుపు తిరిగి పొడి రాలింది.

రెండో పడవ మొత్తం వేపతోనే, అడుగున మాత్రం గుడ్డ రెండు పొరలు. ఆ టీ ఇచ్చిన అడితి ఆయనే మొన్న ఫోన్ చేశాడు. "పన్నెండడుగుల మలైవేంబు వచ్చింది సార్, ఒక్క ముడి లేదు. తూకం మిషన్ తెచ్చుకోండి."